అక్క వేసిన ముడి

మా ఆదోనిలో ట్రాన్స్‌ఫార్మర్ అంటే కరెంటు స్తంభాల మీద కూర్చుని, వానాకాలంలో ఢమాల్మని పేలి, ఊరినంతా ఉక్కపోతలో ఉంచేదే. నేను ట్రాన్స్‌ఫార్మర్లు చుడతానని ఎవరికైనా చెబితే, మా చేని దగ్గరిది కాలిపోయింది ఎప్పుడొస్తావు అని అడుగుతారు. నేను చుట్టేది రెండు చేతుల్లో ఇమిడేదనీ, పాటలు వినే పెట్టెలో ఉంటుందనీ చెబితే, నా మొహంలోకి ఒకసారి జాలిగా చూసి వెళ్ళిపోతారు. వాళ్ళ తప్పేమీ లేదు. దాన్ని చూసినవాళ్ళు ఈ ఊళ్ళో పదిమంది కూడా ఉండరు.

నాకు అన్నం పెట్టేది మాత్రం మోటార్లే. పత్తి మిల్లుల్లో, బోరుబావుల్లో మోటార్లు కాలిపోతే పాత రాగి తీగ పీకేసి కొత్తది చుట్టి ఇస్తాను. ముప్పై ఐదేళ్ళుగా అదే పని. వాల్వుల సంగతి అంతకు ముందటిది. నేను పని నేర్చుకున్న షాపులో పెళ్ళిళ్ళకు బాడుగకు ఇచ్చే మైకుసెట్లు ఉండేవి. వాటిలో గాజు బుడ్ల లాంటి వాల్వులు ఎర్రగా వెలిగేవి. ట్రాన్సిస్టర్లు వచ్చి వాటిని మూల పడేశాయి. నేనూ మరిచిపోయాను. ఏడెనిమిదేళ్ళ కింద బళ్ళారి నుంచి ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, పాత వాల్వు యాంప్లిఫయర్లు కొని బాగుచేసుకోవడం ఆయన పిచ్చి. దానికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేవాళ్ళు దొరకడం లేదన్నాడు. ఆయన వెనక బెంగళూరు నుంచి ఇంకొందరు వచ్చారు. పోయిన పిచ్చి మళ్ళీ వచ్చిందని నాకు నవ్వు వచ్చింది, కాని లోలోపల సంతోషంగా ఉండేది.

ఆ వస్తువు ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. పుష్‌పుల్ యాంప్లిఫయర్‌లో చివరన రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతుంది. వాల్వులకు వోల్టేజీ ఎక్కువ, కరెంటు తక్కువ. స్పీకరుకు కావలసింది దానికి తలకిందులు. మధ్యలో నిలబడి ఇద్దరికీ రాజీ కుదిర్చేదే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. అందులో స్పీకరు వైపు తీగ లావుగా ఉంటుంది, అది నాకు మంచినీళ్ళ ప్రాయం. వాల్వుల వైపు తీగ తలవెంట్రుకంత ఉంటుంది. దాన్ని రెండు సగాలుగా, వేల చుట్లు చుట్టాలి. ఈ సగంలో ఎన్ని చుట్లో ఆ సగంలోనూ అన్నే ఉండాలి. లెక్క తప్పితే పాట వెనక ఒక బొయ్యిమనే మోత చేరుతుంది, ఎంత మంచి గొంతైనా మసకబారుతుంది.

ఆ వెంట్రుక తీగ దగ్గర నాకు చేతకాలేదు. మోటారు తీగ చుట్టి చుట్టి నా వేళ్ళు మొద్దుబారాయి. కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయింది. తీగ గట్టిగా పడితే తెగుతుంది, వదులుగా పడితే పక్క చుట్టు మీదికి ఎక్కుతుంది. తీగ చుట్టే బాబిన్లు రెండు మూడు పాడుచేసి, కోపంతో ఒకదాన్ని వీధిలోకి విసిరేశాను కూడా. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఈ కథంతా దాని వల్లే.

అప్పుడు అక్క గుర్తొచ్చింది.

మాది ఎమ్మిగనూరులో నేత పని చేసే ఇల్లు. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది మా అక్క. ఆమెను ఆ ఊళ్ళోనే, మా వీధికి రెండు వీధుల అవతల ఇచ్చారు. ఏడెనిమిదేళ్ళ పిల్లప్పటి నుంచి ఆమె పని రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టడం. నేనేమో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టనని మొండికేసి, ఆదోనికి వచ్చి కరెంటు పని నేర్చుకున్నాను. బావ పోయాక ఆమె ఇంట్లో మగ్గం ఆగిపోయింది. కొడుకు మిల్లులో పనికి కుదిరాడు. ఆమె మాత్రం చుట్టుపక్కల మిగిలిన నాలుగు మగ్గాలకు కండెలు చుట్టి ఇస్తూ, ఎవరి దగ్గరా చేయి చాచకుండా ఉండేది. డెబ్బై దాటినా దారం కొస ఆమె వేళ్ళ మధ్యకు దానంతటదే వచ్చినట్టు ఉండేది.

ఒక ఆదివారం పొద్దున చేతితో తిప్పే చుట్టే మిషను, తీగ రీలు, ఖాళీ బాబిన్ సంచిలో వేసుకుని బస్సెక్కాను. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు గట్టిగా గంట. ఆమె తీగను వెలుగులో పట్టి చూసి, ఇది ఏ నెంబరు నూలు అని అడిగింది. నూలు కాదు, రాగి అన్నాను. రాగి అయితే ఏమి, పోగు పోగే కదా అని మిషను ముందు కూర్చుంది. నేను మొదటి కొసకు లావు తీగ అతికించి బాబిన్‌కు తగిలించి ఇచ్చాను. సాయంత్రానికి ఒక సగం అయింది. వరసలు చాప అల్లినట్టు పడ్డాయి. ఇన్నేళ్ళు ఈ పని చేసినవాణ్ణి, ఆ చుట్టు చూసి నాకు సిగ్గేసింది.

రెండు సగాలూ ఎందుకు సమానంగా ఉండాలో ఆమెకు చెప్పడానికి నేను కాగితం మీద బొమ్మ గీశాను. ఆమె బొమ్మ వైపు చూడనైనా లేదు.

"ఒక రోట్లో ఇద్దరు ఆడోళ్ళు రోకళ్ళేసినట్ల గదరా. ఒకటి లేస్తే ఒకటి దిగల్ల. ఒకటి బరువు, ఒకటి తేలిక అయితే దంపుడు కుదర్దు."

అంతే. నా గురువు నాకు నెల రోజులు చెప్పిన పాఠం అది.

మిషనుకు చుట్లు లెక్కపెట్టే కౌంటరు ఉంది. ఆమె దాన్ని నమ్మలేదు. నూరు చుట్లకు ఒక చింతపిక్క పక్కకు పెట్టేది. ఒకసారి కౌంటరు ఒక లెక్క చూపించింది, చింతపిక్కలు ఇంకొకటి చూపించాయి. మిషను అబద్ధం చెప్పదని నేను వాదించాను. కోపం ఆపుకోలేక ఆ వరసలన్నీ విప్పించి మళ్ళీ లెక్కపెట్టించాను. చింతపిక్కలే నిజం. కౌంటరులో ఒక పన్ను అరిగిపోయింది. ఆమె కొంగుతో పిక్కలు తుడిచి డబ్బాలో వేసుకుంది, నాకు జొన్నరొట్టె పెట్టింది.

అట్లా నాలుగేళ్ళు నడిచింది. నెలకు ఒకటి, రెండు. వాల్వుల వైపు చుట్టంతా ఆమెది. కొసలు అతికించడం, మధ్యలో ఇనుప రేకులు పేర్చడం, వార్నీషులో ముంచి ఎండబెట్టడం నావి. ఒకసారి బళ్ళారి ఆయన తన ఇంట్లో యాంప్లిఫయర్ పాడుతుండగా వీడియో తీసి నా ఫోనుకు పంపాడు. దాన్ని ఆమెకు వినిపించాను. ఫోను చెవికి ఆనించుకుని చాలాసేపు వింది. ఇది నా చేతిలో నుంచి పోయిన తీగలో నుంచి వస్తోందా అని రెండుసార్లు అడిగింది. తరవాత వీధిలో అందరికీ చెప్పుకుంది. నేసిన చీర ఎవరు కట్టుకున్నారో ఎప్పుడూ చూడలేదు, ఇది మాత్రం చెవులతో విన్నానని. ఆమెకు నేనిచ్చే డబ్బు కంటే ఆ మాట చెప్పుకోవడమే ఎక్కువ. బావ పోయాక ఆమె అంత గట్టిగా నవ్వడం నేను అప్పుడే చూశాను.

పోయిన వేసవిలో బళ్ళారి ఆయన ఫోను చేశాడు. మేము చుట్టిచ్చిన జత ఒకటి నాలుగు నెలలు బాగా పాడి, ఒక పక్క గొంతు చీలిపోయినట్టు అయిందట. తెరిచి చూస్తే ఒక వాల్వు లోపల జాలీ నిప్పులా ఎర్రబడి ఉందట. అది కొత్త వాల్వు, ఎక్కడో విదేశం నుంచి తెప్పించుకున్నది. ఆయన మంత్రాలయం పోతూ దారిలో ఆదోనిలో కారు ఆపి, ఆ ట్రాన్స్‌ఫార్మర్ నా బల్ల మీద పెట్టాడు. మీటరు పెట్టాను. తీగ ఎక్కడా తెగకపోతే అది కుయ్యిమంటుంది. ఒక సగం బాగుంది. రెండో సగం చచ్చిపోయింది. లోపల ఎక్కడో తీగ తెగింది.

ఆయన కళ్ళెదుటే రేకులు పీకి, ఆ సగాన్ని పైనుంచి విప్పడం మొదలుపెట్టాను. నా పనిలో తప్పు దొరుకుతుందేమోనని భయం. నిజం చెబుతున్నాను, ఆ భయం ఉండింది. మూడో వరస విప్పుతుండగా వేలికి ఒకటి తగిలింది. ఆవగింజంత ముడి. దాని మీద చిన్న కాగితం ముక్క చుట్టి ఉంది.

ముడి కనబడగానే నా ప్రాణం లేచొచ్చింది. తప్పు నాది కాదు. నేత ఇంట్లో పుట్టినవాడికి ఆ ముడి ఎట్లా పడిందో చెప్పనక్కర్లేదు. పోగు తెగితే చెయ్యి ఆగదు. బొటనవేలు, చూపుడువేలు కలిసి ముడి వేసేస్తాయి, రాట్నం తిరుగుతూనే ఉంటుంది. నూలుకు అది గొప్పతనం. రాగి తీగ మీద ఎనామిల్ పూత ఉంటుంది. పూత గీకకుండా ముడి వేస్తే లోపల రాగి రాగిని తాకదు. తాకినా నాలుగు రోజులకు వదిలేస్తుంది. తీగ తెగితే విప్పి మొదటి నుంచి చుట్టాలనేది మా పనిలో మొదటి పాఠం. ఆ పాఠం నేను అక్కకు చెప్పలేదు. ఆమె చేతిలో తీగ తెగుతుందని నాకు తోచలేదు.

అక్కడే ఆగి, మిగిలినది కూడా విప్పి చూసి ఉండవలసింది. కనీసం ఆ ముడికి అటూ ఇటూ మీటరు పెట్టి ఉండవలసింది. అర నిమిషం పని. పెట్టలేదు. ముడికి అవతలా ఇవతలా తీగను కత్తిరించి, ఆ ముక్కను కాగితంలో పెట్టుకుని, ఆయన కారులోనే ఎమ్మిగనూరుకు బయలుదేరాను. ఆయన వద్దన్నాడు. ముసలమ్మ, పోనీలెండి, కొత్తది చుట్టి ఇవ్వండి చాలు అన్నాడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. తప్పు ఎవరిదో ఆయన కళ్ళతో చూడాలని నా పట్టుదల.

అక్క పంచలో కూర్చుని పక్కింటివాళ్ళకు కండెలు చుడుతోంది. ఎదురింటి ముసలి నేతగాడు అక్కడే అరుగు మీద ఉన్నాడు. కోడలు వంటింట్లో నుంచి తొంగి చూసింది. నన్ను, నా వెనక కొత్త మనిషిని చూసి అక్క గబగబా లేచింది. పాట పంపిన ఆయన వచ్చాడని తెలిసి మొహమంతా వెలిగింది. నేను ఆ వెలుగు మీదనే కాగితం విప్పి, ముడి చూపించాను.

ఆమె కళ్ళు చికిలించి చూసింది. "పోగు తెగినాదిరా ఆ పొద్దు. ముడేసినా."

"ఇది నూలనుకున్యావా? నీ ముడి వల్ల ఈయప్ప సామానంతా కాలిపోయినాది. నా పేరు పోయినాది."

"నేను ఊరికే ఎయ్యలేదురా. దీపం మింద పట్టి..."

"సాల్లే. తప్పు సేసి మల్లా మాటలొకటి."

ఆమె ఆ మాట పూర్తి చేయలేదు. నేను చేయనివ్వలేదు. అంతమందిలో ఆమె బళ్ళారి ఆయన వైపు తిరిగి, తనకంటే చిన్నవాడైన మనిషికి రెండు చేతులూ జోడించింది. తప్పయిపోయింది, పెద్దమనసు చేసుకో నాయనా అంది. ఆయన బిక్కచచ్చిపోయి, ఫరవాలేదని తన కన్నడంలో పరవాగిల్లమ్మా, పరవాగిల్ల అంటూ ఒక అడుగు వెనక్కి వేశాడు. అప్పుడైనా నేను నోరు మూసుకోవాలి. మూసుకోలేదు. ఇక ఈ పని నీకు వద్దు, నీ వయసుకు విశ్రాంతి మంచిది అన్నాను. విశ్రాంతి అనే మాటను తిట్టులా వాడవచ్చని నాకు ఆ రోజు తెలిసింది.

ఆమె వచ్చిన మనిషికి బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టింది, బజ్జీలు కూడా వేసింది. ఆయన తింటున్నంతసేపూ మిషనును మెత్తటి గుడ్డతో తుడిచింది. నేను దాన్ని సంచిలో వేసుకుని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తిరిగొచ్చాను.

తరవాత రెండుసార్లు కోడలి ఫోను నుంచి అక్క మాట్లాడింది. యోగక్షేమాలు అడిగి, చివరన తీగ పని ఏమైనా ఉందా అని నెమ్మదిగా అడిగేది. ఆర్డర్లు తగ్గాయని చెప్పాను. తగ్గలేదు. నేనే కళ్ళద్దాల మీద కళ్ళద్దాలు పెట్టుకుని, తిట్టుకుంటూ చుడుతున్నాను. రెండు సగాలూ సరితూగక ఒక్కోటి మూడుసార్లు విప్పుతున్నాను. అయినా పంతం. మూడోసారి ఆమె ఫోను చేయలేదు.

పత్తి కొత్తగా యార్డుకు వచ్చే రోజుల్లో, మిల్లులన్నీ ఒక్కసారిగా తిరిగి మోటార్లు వరసగా కాలే రోజుల్లో, ఒక మధ్యాహ్నం కాస్త తీరిక దొరికింది. ఈ వాల్వుల పిచ్చి ఉన్నవాళ్ళకు ఫోనులో ఒక గ్రూపు ఉంది. అందులో ఎవరో కొత్తగా చుట్టడం నేర్చుకుంటున్న కుర్రవాడు తీగ తెగితే ముడి వేయవచ్చా అని అడిగాడు. నాకు ఉత్సాహం వచ్చింది. ఇదిగో, ముడి వేస్తే ఇదీ గతి అని ఫోటో పెట్టి అందరికీ బుద్ధి చెబుదామనుకున్నాను. డబ్బాలో దాచిన కాగితం తీశాను. ఫోటోలో మీటరు కూడా కనబడితే ఇంకా బాగుంటుందని, ముడికి రెండు పక్కలా తీగ కొసలు గీకి మీటరు పెట్టాను.

మీటరు కుయ్యిమంది.

మీటరు చెడిందనుకున్నాను. దాని రెండు పిన్నులూ ఒకదానికొకటి తాకించి చూశాను. బాగానే ఉంది. మళ్ళీ ముడి మీద పెట్టాను. మళ్ళీ కుయ్యిమంది. భూతద్దం తెచ్చి చూశాను. ముడి దగ్గర రెండు కొసలకూ ఎనామిల్ లేదు. నల్లగా కాల్చి, బ్లేడుతో గీకి, రాగి తళతళలాడేదాకా శుభ్రం చేసి, అప్పుడు మెలిపెట్టి ముడి వేసింది. నేను లావు తీగ అతికించేటప్పుడు పూత గీకడం ఆమె చూసింది. అడగకుండానే నేర్చుకుంది. దీపం మీద పట్టి అని ఆమె చెప్పబోయింది అదే.

ఆ పాత బాబిన్ అటక మీద ఉంది. దింపాను. మీటరు పెడితే మిగిలిన తీగ ఇంకా చచ్చే ఉంది. ముడి లేకపోయినా చచ్చే ఉంది. ఒక్కో వరసా విప్పుతూ పోయాను. ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఇంకో ముడి లేదు. అడుగున, చిట్టచివర, మొదటి కొసకు నేను లావు తీగ అతికించిన చోట, వెంట్రుక తీగ ముట్టుకోగానే పొడి అయిపోయింది. దాని చుట్టూ పచ్చగా చిలుము.

మోటారు పని చేసేవాళ్ళందరికీ సోల్డరు పేస్టు అలవాటు. లావు తీగకు కొంచెం రాస్తే సీసం చక్కగా పడుతుంది. ఆ పేస్టులో పులుపు ఉంటుంది. లావు తీగకు అది చీమ కుట్టినంత. వెంట్రుక తీగను మాత్రం నెలల తరబడి కూర్చుని తినేస్తుంది. ఈ తీగలకు పేస్టు వాడకూడదని, మామూలు గుగ్గిలమే వాడాలని నా గురువు నా చేతి మీద కొట్టి మరీ చెప్పాడు. అది అతికించిన రోజు గుగ్గిలం అయిపోయి ఉంటుంది. బస్సు వేళ అయి ఉంటుంది. చేతికి అందిన డబ్బాలో నుంచి రాసి ఉంటాను. నాకు గుర్తు కూడా లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా చేతి పాపాన్ని తీసుకుపోయి అక్క పంచలో పెట్టి వచ్చాను.

అక్క ముడి శాశ్వతంగా నిలిచేదని నేను అనను. సీసం లేని అతుకు ఏదో ఒక రోజు వదిలేదేమో. కాని ఆ రోజు అది వదల్లేదు. తెగింది నాది.

ఆ సాయంత్రమే బస్సెక్కి ఉండవచ్చు. ఫోను చేసి ఉండవచ్చు. చేయలేదు. ఫోనులో చెప్పే మాట కాదని నాకు నేను చెప్పుకున్నాను. అంతమందిలో అన్న మాటను అంతమందిలోనే వెనక్కి తీసుకోవాలనుకున్నాను. వట్టి చేతులతో పోకూడదని కొత్త తీగ రీలు తెప్పించాను, అది రావడానికి వారం. మిషనుకు నూనె వేశాను, కౌంటరు మార్చాను. తరవాత మిల్లు మోటార్లు మీద పడ్డాయి. ఇవన్నీ సాకులని అప్పుడే తెలుసు. ఆమె ముందు నిలబడి తప్పు నాదక్కా అనడానికి నాకు నోరు రాలేదు. తిట్టడానికి కారులో గంటలో పోయినవాణ్ణి, ఆ ఒక్క మాట చెప్పడానికి ఇరవై రోజులు పోలేదు.

ఇరవై ఒకటో రోజు పొద్దున కోడలు ఫోను చేసింది. అక్క స్నానం చేసి వచ్చి, గుండెలో ఏదో పట్టినట్టుందని పంచలో కూర్చుందట. నీళ్ళు తెచ్చేలోపల ఒరిగిపోయిందట.

పోయాను. ఆమె చేతులు చూశాను. బొటనవేలు పక్కన దారం ఒరిపిడికి పడిన గాటు అట్లాగే ఉంది. నేను ఏడవలేకపోయాను. చుట్టూ ఉన్నవాళ్ళు మగవాడు గదా, గట్టి మనిషి అనుకుని ఉంటారు. నన్ను ఏడవనివ్వనిది గట్టితనం కాదు, చెప్పని మాట.

మూడో రోజు కార్యం అయ్యాక, అందరూ ఆ పంచలోనే కూర్చుని ఉండగా చెప్పేశాను. కోడలు, అక్క కొడుకు, ఎదురింటి ముసలి నేతగాడు, ఇంకో ఇద్దరు ముగ్గురు. ఆ రోజు అక్క ముడి వల్ల ఏమీ పాడు కాలేదు, ముడి బాగుంది, నేను అతికించిన చోటే కుళ్ళిపోయింది, అక్కను అన్యాయంగా అన్నాను అని చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని నాకు తెలుసు.

కోడలు తల వంచుకుని చెప్పింది. ఆ రోజు తరవాత అత్త ఎవరికీ కండెలు చుట్టలేదట. నూలు తెచ్చిన వాళ్ళను తిప్పి పంపేసేదట. నా చేతి ముడి నిలబడదు, మీ గుడ్డ పాడవుతుంది, ఇంకొకరితో చుట్టించుకోండి అనేదట. రాట్నం మీద గుడ్డ కప్పేసిందట. నేను ఆ గుడ్డ వైపు చూశాను. మూడు రోజులుగా దాని పక్కనే కూర్చుంటున్నాను, రాట్నమని గుర్తుపట్టలేదు.

ముసలి నేతగాడు గొంతు సవరించుకున్నాడు.

"యాభై ఏండ్లు నీ అక్క సుట్టిన కండెలతో నేసినానప్పా నేను. ఒక ముడి ఊడింది సూల్లేదు. అయినా నువ్వు కరెంటు పని తెల్సినోనివి. మీటరు పెట్టి సూసే సెప్పింటావు అనుకున్యాము."

ఆ రోజు మీటరు పెట్టలేదని ఆయనకు చెప్పాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచి వెళ్ళిపోయాడు. నాకు ఇంకా ఒకటి తెలుసుకోవాలని ఉంది. ఏ జవాబు వస్తుందోనని భయంగా ఉంది. అయినా కోడలిని అడిగాను, ముడి బాగా వేసిన సంగతి అక్కకు తెలుసు గదా, మీతో ఎప్పుడూ అనలేదా అని.

"మొదుట్లో రెండు దినాలు అన్యది మామా. కాల్చి గీకి ఏసినా గదా, ఎట్ల ఇడుస్తాది అని. మూడో దినం నుంచి అన్లేదు. నా తమ్మునికి తెలీదా, వాడు సెప్పినాడంటే నాదే తప్పులే అన్యది."

ఆ రెండు దినాలూ నేను ఆదోనిలో, నా బల్ల ముందే ఉన్నాను. ముడి నా డబ్బాలో ఉంది, మీటరు దాని పక్కనే ఉంది.